రిజిస్టర్లో లావైన పిల్లలు

“ఈ సంతకం మీదే గదా, అత్తయ్యా?” అని స్రవంతి మూడోసారి అడిగింది.

సుబ్బరత్నం మూడోసారి కూడా కత్తిపీట మీదనుంచి తల ఎత్తలేదు. సంతకం ఆమెదే. ఎర్రటి అట్ట మీద, అడుగున, ‘అంగన్‌వాడీ కార్యకర్త’ అన్నచోట గుండ్రంగా ఉంది. దాని పైన ‘చిన్నారి పేరు: మోక్షిత. వయసు: నాలుగేళ్ళు. స్థితి: స్థూలకాయం, రెండో దశ’ అని ఉంది. మోక్షిత ఆమెకు సొంత మనవరాలు.

పొద్దున కుళాయి దగ్గర మొదలైన తగువు మధ్యాహ్నానికి వంటింట్లోకి వచ్చింది. మోక్షిత లావా, కాదా అన్నదే తగువు. మోక్షిత మాత్రం ముత్తవ్వ పిచ్చమ్మ ఒళ్ళో కూర్చుని పచ్చి వంకాయ తొడిమ నములుతోంది.

“దీనికి మొలతాడు జారిపోతావుంటే నిన్నగాక మొన్న మూడో ముడి ఏశా,” అంది పిచ్చమ్మ. “రెండో దశంట! మొదటి దశ ఎప్పుడు పోయిందే, మాకు చెప్పకుండా?”

సుబ్బరత్నం భర్త మాలకొండయ్య ఆటో కడిగి లోపలికి వచ్చాడు. ఆయన ఎవరి పక్షమూ తీసుకునే మనిషి కాడు. మనవరాల్ని ముందునుంచి చూశాడు. పక్కకు తిప్పి చూశాడు.

“గవర్నమెంటోళ్ళు ఊరికే రాయరు గదా. ఎక్కడో కాస్త ఉండే ఉంటది,” అన్నాడు.

“అయితే ఎక్కడుందో మీరే చూపియ్యండి, మామయ్యా,” అంది స్రవంతి. అట్ట తిప్పి వెనకవైపు చదివింది. “నెయ్యి వాడరాదు. మధ్యాహ్నం నిద్రపుచ్చరాదు. పిజ్జా, బర్గరు తినిపించరాదు. లిఫ్టుకు బదులు మెట్లు వాడవలెను.”

“పిజ్జా అంటే ఏందే?” అంది పిచ్చమ్మ.

“రొట్టె లాంటిది, అవ్వా.”

“రొట్టె తినేది జ్వరం వచ్చినప్పుడు గదా! ఈ ఊళ్ళో లావు కోసం రొట్టె తిన్నోళ్ళు ఎవరున్నారు?”

సుబ్బరత్నం వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో వేసింది. చేతులు తుడుచుకుంది. “అది పిల్ల బరువు కాదమ్మా,” అంది కోడలితో. “రిజిస్టరు బరువు.”

“రెండిటికీ తేడా ఎంత?”

“పది కిలోలు,” అంది సుబ్బరత్నం.

ఈ పది కిలోలు ఒక్క రోజులో వచ్చినవి కావు. సుబ్బరత్నం నేరేడువాగు అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్ళుగా పిల్లల్ని తూకం వేస్తోంది. బరువు తగ్గిన పిల్లకు రిజిస్టర్లో ఎర్ర గుర్తు పెట్టాలి. ఎర్ర గుర్తు పెడితే పిల్లకు అదనంగా ఏమైనా వస్తుందేమోనని మొదట్లో ఆమె ఆశపడింది. వచ్చేది మెమో. ‘మీ కేంద్రంలో ఎరుపు ఎక్కువగా ఉన్నందున మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపగలరు’ అని ఉండేది. మూడు మెమోలు అందుకున్నాక ఆమెకు తూకం వేయడం వచ్చింది. అంతకుముందు గౌన్లు విప్పి తూచేది. తరవాత గౌన్లతో తూచింది. ఆ తరవాత పట్టీలతో, చెప్పులతో, చేతిలో పలకతో తూచింది. ఆపైన, ‘పొద్దున ఏమీ తినకుండా వచ్చింది, తిని ఉంటే ఇంకో పావుకిలో ఉండేదే గదా’ అని తనకు తాను చెప్పుకుని ఆ పావుకిలో కూడా రాసింది. అది అబద్ధమని ఆమెకు అనిపించలేదు. తినని అన్నానికి ఓ లెక్క ఉండాలి గదా అనుకుంది.

ఆ తరవాత ఫోన్లు ఇచ్చారు. తూకం ఫోన్లో ఎక్కించాలి. ఫోన్లో ఒక నియమం ఉంది. పోయిన నెల కంటే ఈ నెల తక్కువ రాస్తే అది ఒప్పుకోదు. ‘బిడ్డ బరువు తగ్గరాదు. సరిచూసుకోండి’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. పిల్లకు విరేచనాలై కిలో తగ్గినా సరే, ఫోనుకు అక్కర్లేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, సుబ్బరత్నం పదకొండున్నర అని ఎక్కిస్తే, వచ్చే నెల ఫోను ‘గత నెల బరువు: పన్నెండు’ అని చూపించేది. అంకె ఎక్కడో దారిలో తినేసి వచ్చేది. పన్నెండు కంటే తక్కువ రాయడానికి వీల్లేదు కాబట్టి ఆమె పన్నెండుంపావు రాసేది. అలా మూడేళ్ళు నడిచింది. పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. అంకెలు మాత్రం బలిశాయి. ఎర్ర గుర్తులన్నీ పోయినందుకు జిల్లాకు ఒక షీల్డు కూడా వచ్చింది.

ఆ షీల్డు వచ్చిన ఏడాదే, దిగువ ఆదాయ దేశాల్లో బాల్య స్థూలకాయాన్ని నివారించడానికి ఎక్కడో పెద్ద సంస్థ ఒకటి నడుం కట్టింది. లావు పిల్లలున్న జిల్లా కోసం కంప్యూటర్లలో వెతికితే మొట్టమొదట తేలింది ఈ జిల్లా. అందులోనూ ముందు వరసలో నేరేడువాగు.

‘బాల లాఘవ మిషన్’ ప్రారంభ సమావేశం మండల కార్యాలయంలో జరిగింది. నలభై ముగ్గురు కార్యకర్తలు కింద కూర్చున్నారు. రాజధాని నుంచి వచ్చిన సలహాదారు డాక్టర్ ప్రద్యుమ్న వేదిక మీద నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, నీళ్ళ సీసాతో ఉన్నాడు.

“ప్రియమైన క్షేత్రస్థాయి సోదరీమణులారా!” అని మొదలుపెట్టాడు. “ముందుగా మీకు అభినందనలు. స్థూలకాయం సంపన్న దేశాల సమస్య. అది మన గడప తొక్కిందంటే మనం ఆ దేశాల సరసన చేరామన్నమాట. రాష్ట్ర సగటు పదహారు కిలోలైతే మీ మండలంలో నాలుగేళ్ళ బిడ్డ సగటు బరువు ఇరవైరెండు. ఇది గర్వకారణం. అదే సమయంలో ఇది ఆందోళనకరం. గర్వాన్నీ ఆందోళననీ సమన్వయం చేసుకుంటూ మనం ముందుకు సాగాలి.”

సూపర్‌వైజర్ కల్పలత మేడం ముందు వరసలో చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు.

“అంచేత రోజూ ఇచ్చే గుడ్డును వారానికి ఒకటిగా హేతుబద్ధీకరిస్తున్నాం. సోమవారం మాత్రమే. పిండి ప్యాకెట్లు నిలుపుదల. వాటి స్థానంలో శారీరక చలనశీలత.”

సుబ్బరత్నం లేచి నిలబడింది. కల్పలత వెనక్కి తిరిగి కళ్ళతో కూర్చోమంది. సుబ్బరత్నం కూర్చోలేదు.

“సార్, మా పిల్లలు సన్నగా ఉన్నారండి,” అంది.

డాక్టర్ ప్రద్యుమ్న ముఖం వెలిగిపోయింది. సరిగ్గా ఈ ప్రశ్న కోసమే రాజధాని నుంచి వచ్చినట్టు నవ్వాడు.

“చాలా విలువైన పరిశీలన, మేడం. కంటికి సన్నగా కనిపిస్తున్నారు. డేటాలో లావుగా ఉన్నారు. ఈ రెండింటిలో మనం దేన్ని నమ్మాలి? కంటికి పక్షపాతం ఉంటుంది. డేటాకు ఉండదు. ఇంకా ఎవరికైనా పిల్లలు సన్నగా కనిపిస్తున్నారా? మొహమాటం లేకుండా చేతులెత్తండి.”

నలభై మూడు చేతులు లేచాయి.

ఆయన ఆ చేతుల్ని లెక్కపెట్టుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. “నూటికి నూరు శాతం,” అన్నాడు గంభీరంగా. “సమస్య నేననుకున్న దానికంటే తీవ్రంగా ఉంది.”

పదిరోజులు తిరక్కుండా అంగన్‌వాడీ కార్యకర్తల దృష్టిలోప నివారణ శిబిరం పెట్టారు.

కళ్ళ డాక్టరు ముసలాయన. సుబ్బరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదివించాడు. ఆమె అడుగు వరస దాకా చదివి, దాని కింద ప్రెస్సువాడి పేరు కూడా చదివింది.

“నీ చూపు నిక్షేపంలా ఉందమ్మా,” అన్నాడు ఆయన.

“మరి నన్ను పంపించెయ్యండి, సార్.”

“ఎట్టా పంపుతా? నలభై మూడు కళ్ళజోళ్ళు వచ్చినయ్. నలభై మూడు మందికి లోపం సరిచేసినట్టు సంతకం పెట్టాలి. ఇదిగో, తీసుకో. ఉత్త అద్దాలే, ఏం కాదు. వంట చేసేప్పుడు పెట్టుకో, ఉల్లిపాయ ఘాటు తగలదు.”

కళ్ళజోడుతో పాటు ఒక కాగితం ఇచ్చారు. ‘వీరి దృష్టిలోపము సవరించబడినది. ఇకపై పిల్లలు సన్నగా కనిపించినచో రెండవ జతకు దరఖాస్తు చేసుకొనవలెను.’ ఎవరూ దరఖాస్తు చేసుకోలేదు. ఆ రోజు నుంచి మండలంలో ఏ కార్యకర్తకూ ఏ పిల్లా సన్నగా కనిపించలేదు.

నేరేడువాగు కేంద్రంలో ఇరవై నలుగురు పిల్లలు. పొద్దున్నే వరసగా నిలబడి, చేతులు చాపి ప్రతిజ్ఞ చెయ్యాలి. ‘నేను పిజ్జా తినను, లిఫ్టు ఎక్కను, టీవీ రిమోటు ముట్టను’ అని. పిల్లలకు అది పాటలా నోటికి వచ్చింది. రెండో వారానికి పిజ్జా ఎక్కను, లిఫ్టు తినను అని అరుస్తున్నారు.

“టీచరమ్మా, లిఫ్టు కారంగా ఉంటదా?” అని అడిగింది దుర్గ.

దుర్గ పొగాకు పనికిపోయే వెంకాయమ్మ కూతురు. మోక్షిత ఈడుదే. గుడ్డు పెడితే తెల్లసొన తిని, పచ్చసొనను గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి పోయేది, చెల్లెలికి. దారిలో నాకకుండా పట్టుకుపోవడం దానికి రోజూ ఒక పరీక్ష.

ప్రతిజ్ఞ అయ్యాక మెట్లెక్కడం. ఒక్కో బిడ్డ రోజుకు నలభై మెట్లు ఎక్కాలని ఉత్తర్వు. కేంద్రానికి ఉన్నది ఒకటే మెట్టు. అందుకని దాన్నే నలభైసార్లు ఎక్కి దిగాలి. ఇరవై నలుగురు, ఒకే మెట్టు. ఆయా అంకమ్మ గుమ్మంలో కూర్చుని చింతపిక్కలు పెట్టి లెక్క చూసేది. వాళ్ళందరిదీ అయ్యేసరికి మధ్యాహ్నం అన్నం వేళ దాటేది. ఉత్తర్వు రాసినవాళ్ళు అది కూడా ముందే ఆలోచించి ఉంటారని అంకమ్మ నమ్మకం.

“టీచరమ్మా, ఇయ్యాళ సోమారమేనా?” అని దుర్గ రోజూ అడిగేది. మంగళవారం అడిగేది, బుధవారం అడిగేది. కాదంటే ఏడ్చేది కాదు. “మరి రేపా?” అనేది.

సుబ్బరత్నం దానికి చెప్పే జవాబులు అయిపోయాయి. ఇంట్లోనుంచి రెండు గుడ్లు కొంగులో పెట్టి తెచ్చి చూసింది ఒకరోజు. ఇరవై నాలుగు నోళ్ళ ముందు రెండు గుడ్లు ఎటు కోసినా సరిపోలేదు.

ఈలోపు ఫోను మారింది. కొత్త నియమం వచ్చింది. పోయిన నెల కంటే ఈ నెల ఎక్కువ రాస్తే ఒప్పుకోదు. ‘బిడ్డ బరువు పెరగరాదు. సరిచూసుకోండి’ అని అవే ఎర్ర అక్షరాలు. సుబ్బరత్నానికి అది దేవుడు తెరిచిన తలుపులా అనిపించింది. ఎవరికీ చెప్పకుండా, ఎవర్నీ పట్టివ్వకుండా, నెలకు రెండేసి కిలోలు దించుకుంటూ పోతే, కొన్నాళ్ళకు అంకె పిల్ల దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు పిల్లలు సన్నగా ఉన్నారని ఫోనే చెబుతుంది. గుడ్లు వాటంతట అవే తిరిగొస్తాయి. తన ఉద్యోగమూ ఉంటుంది. నెలన్నర ఆ ఆశతో గడిపింది. దుర్గది ఇరవైఒకటి నుంచి పందొమ్మిదికి దించింది, ఆపైన పదిహేడుకు దించింది.

ఆమె లెక్కలో ఒక్కటే తప్పు జరిగింది. అంకెలు దిగుతుంటే పిల్లలు నిలబడి ఎదురుచూడలేదు. వాళ్ళు కూడా దిగుతున్నారు.

డాక్టర్ ప్రద్యుమ్న తనిఖీకి వచ్చిన రోజు గురువారం. వెంట కల్పలత మేడం, ఒక ఫోటోగ్రాఫరు, పెట్టెలో కొత్త కంప్యూటర్ తూకం. పిల్లలు ప్రతిజ్ఞ చేశారు. మెట్టు ఎక్కారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“ఒక బిడ్డను తూచి చూద్దాం,” అని దగ్గరగా ఉన్న దుర్గను ఒంటి చేత్తో లేపాడు. “అబ్బ! ఈకలా ఉంది!” అని తూకం మీద నిలబెట్టాడు.

పది కిలోల ఆరువందల గ్రాములు.

కల్పలత రిజిస్టరు తెరిచింది. అందులో పదిహేడు. ఆమె ముఖం పాలిపోయింది. సుబ్బరత్నానికి మాత్రం భయం అడుగున ఎక్కడో, హమ్మయ్య, అన్నట్టు కూడా అనిపించింది. తెలిసిపోయింది. ఇక తను చెప్పనక్కర్లేదు.

డాక్టర్ ప్రద్యుమ్న రిజిస్టరు వంక, తూకం వంక, సుబ్బరత్నం వంక చూశాడు.

“మేడం, మీరు మా దగ్గర దాచారు,” అన్నాడు చివరికి.

“తప్పయింది సార్. అది మొదటినుంచీ…”

“ఆరు కిలోల నాలుగువందల గ్రాముల విజయాన్ని దాచారు! రెండు నెలల్లో ఈ బిడ్డ ఇరవైఒకటి నుంచి పదిన్నరకు దిగింది. మీరు పదిహేడు దాకానే రాసుకున్నారు. ఎందుకు? పేరు రావడం ఇష్టం లేక! కల్పలతగారూ, క్షేత్రస్థాయిలో ఇంత వినయం నేను ఎక్కడా చూడలేదు.”

“సార్, అది కాదండి, పిల్ల ఎప్పుడూ…” అంటుండగా కల్పలత చెప్పుకాలు సుబ్బరత్నం పాదం మీద పడి అక్కడే ఉండిపోయింది.

“మా సుబ్బరత్నం అంతేనండీ. పొగిడితే ఒప్పుకోదు,” అంది కల్పలత.

ఆయన ఫోను తీసి లెక్క వేశాడు. “వారానికి ఆరు గుడ్లు ఆపితేనే ఒక్కో బిడ్డకు పది కిలోలు! ఆ సోమవారం గుడ్డు కూడా ఆపి, రాష్ట్రంలో పన్నెండు లక్షల మంది పిల్లలకు వర్తింపజేస్తే… పన్నెండు వేల టన్నులు! ఈ గడ్డ మీదనుంచి పన్నెండు వేల టన్నుల భారం దిగిపోతుంది!” దుర్గ బుగ్గ తట్టాడు. “శుక్రవారం జిల్లా కేంద్రంలో విజయోత్సవ సభ. ఆ వేదిక మీదే ఉత్తర్వు విడుదల. మీకు సన్మానం. మీ అనుభవం మీ నోటితోనే చెప్పాలి. క్షేత్రస్థాయి సాక్ష్యం లేకుండా ఏ ఉత్తర్వుకూ అందం రాదు.”

ఆయన కారెక్కాక కల్పలత సుబ్బరత్నాన్ని వంట గదిలోకి లాక్కుపోయింది.

“నోరు తెరిచావంటే ఇద్దరం ఇంటికే. తెలుసా?”

“మీరెందుకు పోతారు మేడం? రాసింది నేను గదా.”

కల్పలత గుమ్మం వంక చూసి గొంతు తగ్గించింది. “నీ పాత తూకం తక్కువ చూపిస్తదేమోనని నేనూ కాస్త కలిపేదాన్ని. పావుకిలోనే.”

“నేనూ పావుకిలోనేనండి.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూడేళ్ళలో ముప్పై ఆరు నెలలున్నాయి.

“పై ఆఫీసులో ఎంత కలిపారో మరి,” అంది కల్పలత నెమ్మదిగా. అంతలోనే తేరుకుంది. “ఇప్పుడదంతా ఎందుకు? శాలువా కప్పుతారు. రెండు పేజీలు నేనే రాసి పంపిస్తా. తప్పుల్లేకుండా చదువు, చాలు.”

సభ రేపు కాదు, పై శుక్రవారం. ఎనిమిది రోజులున్నాయి. మాలకొండయ్య మొదటి రోజే ఆటో స్టాండంతా చెప్పేశాడు. స్రవంతి అత్తగారి పట్టుచీరకు ఫాల్ కుట్టించింది. ఎర్ర అట్ట గొడవ అందరూ మర్చిపోయారు. పిచ్చమ్మకైతే కోడలు వేదిక ఎక్కుతుందంటే తనే ఎక్కుతున్నంత సంబరంగా ఉంది. ఒక సాయంత్రం ఆ రెండు పేజీలూ పైకి చదవమంది.

సుబ్బరత్నం చదివింది. “మా కేంద్రములో గుడ్డు నిలుపుదల చేయుట వలన చిన్నారుల శరీరములందు అనూహ్యమైన లాఘవము సంభవించినది. ఇట్టి సత్ఫలితములను రాష్ట్రమంతటా విస్తరింపజేయవలసిందిగా…”

“ఆగు, ఆగు,” అంది పిచ్చమ్మ. “అంటే, ఈ కాయితం నువ్వు చదివితే గుడ్డు ఇంక యాడా పెట్టరా?”

“యాడా పెట్టరు, అత్తా.”

“మన ఎంకాయమ్మ బిడ్డకీ?”

“ఎవరికీ.”

“చదవకపోతే?”

సుబ్బరత్నం కాగితాలు మడిచింది. చదవకపోతే ఇంకెవరైనా చదువుతారు అందామనుకుంది. అది నిజమే. నలభై రెండు మంది ఉన్నారు, అందరికీ కళ్ళజోళ్ళు కూడా ఉన్నాయి. కానీ ఆ కాగితాలు తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టింది.

బుధవారం ఆమె కేంద్రంలో తలుపు దగ్గరగా వేసి, దూలానికి పాత తూకం తగిలించింది. ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. ఒక్కో పిల్లకు గౌను విప్పింది, పట్టీలు తీసింది, చెప్పులు తీసింది. ఉయ్యాల గుడ్డలో కూర్చోబెట్టి ముల్లు ఆగేదాకా చూసింది. రూళ్ళ కాగితం మీద పేరు, పక్కన బరువు రాసింది. కలిపింది లేదు, తీసింది లేదు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇంత తేలిగ్గా ఏనాడూ రాయలేదు. ఇరవై నాలుగు పేర్లు రాసి, ఉండాల్సిన బరువు లేని వాటికి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టింది. పందొమ్మిది చుక్కలు వచ్చాయి. అందులో ఒకటి తన మనవరాలిది.

“ఇన్ని చుక్కలైతే మెమో ఇస్తారు గదా, టీచరమ్మా?” అంది అంకమ్మ.

“మెమో ఇచ్చేదాకా ఉంచితే గదా, అంకమ్మా,” అంది సుబ్బరత్నం.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఇల్లంతా తయారైపోయింది. మాలకొండయ్య ఆటోకు ముందు అద్దం మీద బంతిపూల దండ వేశాడు. కొడుకు చెన్నకేశవులు గ్రానైట్ క్వారీలో సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిచ్చమ్మ అప్పుడే వెనక సీట్లో మధ్యచోటు చూసుకుని కూర్చుంది. స్రవంతి అత్తగారి జడలో పూలు పెడుతూ, వెనకనుంచి ఒంగి చూసింది.

“చేతిలో అదేంటి అత్తయ్యా? కల్పలత మేడం కాయితాలు తెల్లగా ఉండాలి గదా? ఇది రూళ్ళది.”

“అవి కాదమ్మా.”

“మరి అవి ఏవి?”

“పొయ్యిలో,” అంది సుబ్బరత్నం.

అందరూ అటు తిరిగారు. ఆమె గొంతేమీ పెంచలేదు. పూలు సర్దుకుని, మోక్షిత చెయ్యి పట్టుకుని ఆటో దగ్గరికి వచ్చింది.

“ఒక మాట వినండి. పది కిలోలు ఎట్టా తగ్గించావని అక్కడ అడుగుతారు. తగ్గించలేదు, లేని పది కిలోలు నేనే రాశానని చెప్పబోతన్నా. ఆపైన ఈ కాయితంలో ఇరవై నాలుగు మంది బరువూ చదువుతా. ఎవరి పేరూ చెప్పను. నా పేరు మాత్రం చెప్తా.”

మాలకొండయ్య ఆటో తాళంచెవి చేతిలోనే ఉండిపోయింది. “ఉద్యోగం పోద్దే, రత్నం,” అన్నాడు.

“పోద్ది.”

“చెప్పినా గుడ్డు ఆపేస్తే?”

“ఆపేస్తే ఆపుతారు. నేను చదివితే ఆపారన్నమాట మాత్రం ఉండదు.”

చెన్నకేశవులు ఏదో అనబోయాడు. పిచ్చమ్మ ఆటోలోంచి చెయ్యి బయటికి పెట్టి వాడి చొక్కా పట్టుకుని లాగింది. “ముందెక్కరా, తర్వాత మాట్లాడుదువు. టయమైతంది,” అంది.

సుబ్బరత్నం మోక్షితను ముసలామె ఒళ్ళో కూర్చోబెట్టి, తనూ ఎక్కి, పట్టుచీర కుచ్చిళ్ళు లోపలికి దోపుకుంది.

“శాలువా రాదు. మధ్యలోనే దిగమంటారేమో కూడా,” అంది. “మీరు మాత్రం ముందు వరసలో కూర్చోండి. నా గొంతు పెద్దది కాదు. మైకు తీసేస్తే, వెనక ఉన్నోళ్ళకి మీరు చెప్పండి.”